పంపబడిన విద్యార్థులు ఎవరికి లెక్క చెప్పవలెను?

చందా వేయుట ఒక ఎత్తు, ఆ చందాను మోసికొనిపోయి పరాయిచోట ఖర్చుపెట్టుట మరియొక ఎత్తు. మొదటిదానిని గూర్చి మన సంఘములలో ప్రసంగములు చాలా విందుము. కోతకాలపు పండుగనాడు బియ్యపు మూట, కోడిపుంజు, గుమ్మడికాయ వేలము వేసి ఎంత సొమ్ము కూర్చితిమో పెద్దలు సంతోషముతో చదివి వినిపింతురు. రెండవదానిని గూర్చి వినునది తక్కువ. ఈ దినములలో కళాశాల విద్యార్థులు ఎవరో ఇచ్చిన సొమ్ముతో పరదేశములకు పోయి, అక్కడి పల్లెలలో బడి కట్టుట, బావి త్రవ్వుట, వైద్యశాలకు గోడలు లేపుట మొదలగు పనులు చేసివచ్చుట సాధారణమైపోయినది. పరాయిదేశపు పిల్లలు మన పల్లెలకు వచ్చుచున్నారు. మన పిల్లలును కొందరు పోవుచున్నారు. అట్టివారు ఎవరికి లెక్క చెప్పవలెను? సొమ్ము ఇచ్చినవారికి అని మనము వెంటనే అందుము. అది సగము జవాబు. మిగిలిన సగము కొరకు కొంచెము చరిత్ర చూతము.

మొదటి శతాబ్దము నడిమికాలమున యెరూషలేములోని విశ్వాసులు బీదరికములో నుండగా, వారికొరకు పౌలు మాసిదోనియ, అకయ ప్రాంతముల సంఘములలో చందా కూర్చెను. ఆ సొమ్మును ఆయన తన సంచిలో వేసికొని ఒంటరిగా బయలుదేరలేదు. కొరింథు సంఘమువారు ఎవరిని యోగ్యులని ఎంచుదురో వారిచేతనే పంపుదునని మొదటి పత్రిక 16వ అధ్యాయములో వ్రాసెను. రెండవ పత్రిక 8వ అధ్యాయము చూడుడి. తీతుతో కూడ సంఘములు ఏర్పరచిన సహోదరుడొకడు వచ్చుచున్నాడు. ఎందుకు? సొమ్ము విషయములో ఎవరును వేలెత్తి చూపకుండునట్లు, దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను పని నిక్కముగా కనబడవలెనని. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయము 4వ వచనములో సోపత్రు, అరిస్తర్కు, సెకుందు, గాయియు, తిమోతి, తుకికు, త్రోఫిము అని 7 పేర్లున్నవి. వీరు ఆయా సంఘముల పక్షమున చందాతో కూడ పోయినవారని పండితులనేకులు తలంచుచున్నారు. ఇంతవరకు ఇచ్చినవారికి చెప్పు లెక్క.

అయితే రోమీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయము చివర పౌలు ఒక ప్రార్థన కోరుచున్నాడు. యెరూషలేములో తాను చేయబోవు ఈ పరిచర్య అక్కడి పరిశుద్ధులకు ప్రీతికరమగునట్లు ప్రార్థించుడని అడుగుచున్నాడు. ఈ మాటను మనము త్వరగా చదివి దాటిపోవుదుము. ఆకలితో నున్నవారికి సొమ్ము తీసికొనిపోవువాడు, వారు దానిని పుచ్చుకొందురో లేదో అని ఎందుకు భయపడవలెను? బీదవానికి కూడ ముఖమున్నది గనుక. ఇచ్చువాని చేతినిబట్టి, నోటినిబట్టి, పుచ్చుకొనువానికి ఆ కానుక అన్నము కావచ్చును, అవమానము కావచ్చును. పౌలు ఇది ఎరిగినవాడు.

తరువాత జరిగినది మరింత ఆలోచింపదగినది. యెరూషలేములో అల్లరి పుట్టెను. దేనివలన? చందా మోసికొనివచ్చిన వారిలోనే ఒకడైన ఎఫెసీయుడు త్రోఫిము, పట్టణములో పౌలుతో కూడ తిరుగుచుండగా కొందరు చూచిరి. చూచి, పౌలు ఆ అన్యుని దేవాలయములోనికి తెచ్చెనని ఊహించుకొనిరి. త్రోఫిము ఏ తప్పును చేసినట్లు లేదు. అయినను పరాయి ఊరిలో పరాయివాని అడుగు ప్రతిదియు జనుల కంటబడును. ఇంటిదగ్గరనైతే ఎవరును పట్టించుకొనని సంగతి అక్కడ పట్టణమంతటిని కదలించును.

ఈ రెండు సంగతులను మనస్సులో నుంచుకొని పంతొమ్మిది శతాబ్దములు దాటి వత్తము.

అమెరికాలో డాక్టరు జేమ్స్ హెర్మన్ రాబిన్సను అను నల్లజాతి పాదిరిగారు ఉండెడివారు. ఆయన 1907లో టెనెసీ రాష్ట్రములోని నాక్స్‌విల్ పట్టణమున బీదకుటుంబములో పుట్టెను. లింకన్ విశ్వవిద్యాలయములో చదివి, న్యూయార్కులోని యూనియన్ వేదాంత కళాశాలలో 1938లో చదువు ముగించి, నల్లజాతివారు విస్తారముగా నివసించు హార్లెమ్ పేటలో ప్రెస్బిటేరియను సంఘమునకు కాపరియాయెను. ఆయన హార్లెమ్ వీధులలో పనిచేయుచునే లోకమంతటి యువజనులను గూర్చి చింతించినవాడు. 1951లో ఆసియా దేశములు తిరిగి విద్యార్థులతో మాట్లాడెను. తరువాత ఆఫ్రికా ఖండమును దర్శించెను. అప్పటికి ఆఫ్రికా దేశములు ఒకటి వెంబడి ఒకటి దొరతనము నుండి విడుదల పొందుచున్న కాలము. ఘానా 1957 మార్చిలో స్వతంత్రమాయెను. 1960 ఒక్క సంవత్సరములోనే 17 దేశములు స్వతంత్రము పొందెను.

1958 వేసవిలో రాబిన్సనుగారు సుమారు 60 మంది కళాశాల విద్యార్థులను పశ్చిమ ఆఫ్రికాలోని ఐదు దేశములకు పంపిరి. ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా అని దానికి పేరు. వారిలో తెల్లవారును నల్లవారును కలిసియుండిరి. చిన్న జట్లుగా విభాగింపబడి, ఆఫ్రికా విద్యార్థులతో కలిసి వేసవికాలములో బడులు, వైద్యశాలలు మొదలగువానిని కట్టుట వారి పని. వారి ఏర్పాటు సామాన్యమైనదే గాని అందులో తెలివియున్నది. ప్రయాణపు ఖర్చులో కొంతభాగమును విద్యార్థియే కూర్చుకొనవలెను. అందుకొరకు తన సంఘమును, తన ఊరివారిని అడుగవలెను. పోవుటకు ముందు ఆ ఖండమును గూర్చి చదువవలెను. తిరిగివచ్చిన తరువాత ఆలయములలోను సభలలోను తాను చూచినది చెప్పవలెను. వేసవి గడిచినంతమాత్రమున అతని బాధ్యత తీరదన్నమాట.

చేతిపనియే ఎందుకు అని మీరు అడుగవచ్చును. ఆ డబ్బుతో అక్కడనే కూలివారిని పెట్టి కట్టించినయెడల పని త్వరగా అగునే అని లెక్క తెలిసినవాడు ఎవడైనను అనును. మట్టిపని లెక్కను బట్టి చూచినయెడల అతడు చెప్పునది నిజమే. పార పట్టి ఎరుగని కళాశాల కుర్రవాడు మేస్త్రీకి సహాయమగుటకంటె అడ్డమగుటయే ఎక్కువ. అయితే దొరతనపు దినములలో తెల్లవాడు ఆఫ్రికాలో పార పట్టి కనబడుట లేదు. పట్టువారికి ఆజ్ఞలిచ్చుచు నిలువబడుటయే వాడుక. అక్కడి చదువుకొన్నవారిలో కూడ మట్టిపని తమకు తగదను తలంపు ప్రబలియుండెను. మన దేశములో ఆ తలంపు ఎంత బలమైనదో నేను చెప్పనేల? అట్టిచోట తెల్లపిల్లవాడు, నల్లపిల్లవాడు, ఆ ఊరి కళాశాల విద్యార్థి ఒకే గంపను ఇరుప్రక్కల పట్టి మోయుట గోడకంటె ఎక్కువ విలువగలదని రాబిన్సనుగారు తలంచిరి. నా అభిప్రాయములో అది సరియైన తలంపే, గోడ వంకరపోకుండ చూచుటకు మేస్త్రీ దగ్గర ఉన్నంతవరకు.

మరియొక భారము ఆ విద్యార్థుల మీద పడెను. 1957 సెప్టెంబరులో అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణమున నల్లజాతి పిల్లలు 9 మంది తెల్లవారి ఉన్నతపాఠశాలలో చేరబోగా జనులు అడ్డగించిరి. చివరకు సైన్యపు కాపుదలలో వారిని బడికి పంపవలసివచ్చెను. ఆ వార్త లోకమంతట ప్రాకెను. కనుక అమెరికా విద్యార్థి ఆఫ్రికాలో అడుగుపెట్టినప్పుడు అక్కడివారు లిటిల్ రాక్‌ను గూర్చి అడుగుట సహజమే గదా. మా దేశములో అంతయు బాగుగనే యున్నదని చెప్పినయెడల అబద్ధికుడగును. సిగ్గుతోనైనను ఉన్నది ఉన్నట్లు చెప్పినయెడల అడిగినవాడు అతనిని తన తోటివానిగా చూచును. ఇతరుల ఊరిలోని లోపమును బాగుచేయ వచ్చినవాడు తన ఊరి లోపమును ఒప్పుకొను ధైర్యము కూడ తెచ్చుకొనవలెను.

ఇట్లుండగా 1960 అక్టోబరు 14వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు, అప్పుడు అధ్యక్షపదవికి పోటీ చేయుచున్న జాన్ కెన్నెడీగారు మిచిగన్ విశ్వవిద్యాలయమునకు వచ్చిరి. ఆ వేళలో వేలకొలది విద్యార్థులు ఆయన కొరకు కనిపెట్టుకొనియుండిరి. మీలో ఎందరు ఘానా వంటి దేశములలో సంవత్సరములు గడిపి పనిచేయుటకు సిద్ధముగా నున్నారని ఆయన అడిగెను. అది కొద్ది నిమిషముల ప్రసంగమే. విద్యార్థులు దానిని ఊరకే చప్పట్లతో విడిచిపెట్టక సంతకములు కూర్చి మేము సిద్ధమే అని తెలియజేసిరి. ఆయన అధ్యక్షుడైన తరువాత 1961 మార్చి 1న పీస్ కోర్ అను శాంతిదళము ఏర్పడెను. మన దేశమునకు కూడ 1961 నుండి 1976 వరకు ఆ దళమువారు వచ్చి పనిచేసిరి. క్రాస్‌రోడ్స్ విద్యార్థులే ఈ దళమునకు మూలపురుషులవంటివారని 1962లో కెన్నెడీగారు వారి యెదుటనే చెప్పిరి. ఇప్పుడు సొమ్ము సంఘములదో మిత్రులదో కాదు, దేశములోని పన్ను కట్టువారిది.

ఆ దళములో నైజీరియాకు పోయిన మొదటి గుంపువారు ఇబాదాను పట్టణములోని విశ్వవిద్యాలయ కళాశాలలో దిగి, ఉపాధ్యాయులుగా పనిచేయుటకు తర్ఫీదు పొందుచుండిరి. వారిలో 23 ఏండ్ల యువతి ఒకతె 1961 అక్టోబరు నడుమ తన దేశమందలి మిత్రునికి ఒక కార్డుముక్క వ్రాసెను. ఆమె పేరు అప్పటి పత్రికలన్నిటిలో వచ్చినది, ఇక్కడ దానితో మనకు పనిలేదు. జనులు వీధులలోనే వండుకొనుచున్నారని, వీధులలోనే అమ్ముకొనుచున్నారని, కాలకృత్యములు కూడ వీధులలోనే తీర్చుకొనుచున్నారని అందులో వ్రాసెను. మొదటి దిగ్భ్రమ దాటిన తరువాత ఇది ఎంతో ప్రయోజనకరమైన అనుభవమని కూడ అందులోనే వ్రాసెను. ఆ కార్డు తపాలకు చేరకముందే ఎక్కడనో జారిపడెను. అక్కడి విద్యార్థి ఒకనికి అది దొరికెను. కొద్ది గంటలలో దాని నకళ్లు విద్యార్థుల వసతిగృహములలో చేతులు మారెను. సభ కూడెను. వీరు మనకు సహాయము చేయ వచ్చినవారు కారు, గూఢచారులు, సామ్రాజ్యవాదుల మనుష్యులు, వీరిని పంపివేయవలెనని తీర్మానించిరి. భోజనశాలలో ఆ గుంపువారితో కూర్చుండుటకు నైజీరియా విద్యార్థులు ఒప్పుకొనలేదు. వార్త లోకమంతట పత్రికల మొదటి పుటలకు ఎక్కెను.

ఆ యువతి వెంటనే క్షమాపణ వ్రాసి, నైజీరియా విడిచిపోయెను. కెన్నెడీగారు ఆమెకు ఆదరణగా స్వహస్తముతో చీటి వ్రాసిరి. తక్కినవారు అక్కడనే నిలిచిరి. వెలివేసినట్లు చూచిన దినములు ఓర్చుకొని, మెల్లమెల్లగా స్నేహము సంపాదించి, బడులలో తమ పని చేసిరి.

ఇందులో ఆమె తప్పేమి? ఆమె అబద్ధము వ్రాయలేదు గదా అని కొందరందురు. నైజీరియా విద్యార్థులు కార్డుముక్కను కొండంత చేసిరని మరికొందరందురు. రెండును కొంతవరకు నిజమే. అయితే ఆ కార్డును చదివిన నైజీరియా విద్యార్థి చోట ఒక క్షణము నిలువబడి చూడుడి. అతని దేశము స్వతంత్రమై అప్పటికి ఒక సంవత్సరము, కొద్ది దినములు. ఆ వీధిలో వండుకొనుచున్నది అతని తల్లి కావచ్చును. ఆమె చేతి వంటతోనే అతడు కళాశాల చదువుచున్నాడేమో. తన యింటికి అతిథిగా వచ్చి, తన బల్లయొద్ద భుజించి, తన తల్లిని గూర్చి వేరొకనికి వింతగా వ్రాసినది అతని చేతికి చిక్కినది. కార్డు చివర ఎంత మంచిమాట యున్నను అతని కంటికి అది కనబడునా?

చదువరులారా, ఈ సంగతి మనకు క్రొత్తది కాదు. వేదాంత కళాశాలలో నేను చదువుచున్న దినములలో గ్రంథాలయపు అడుగు అరలలో నున్న పాత మిషను నివేదికలను తీసి చదువుట నాకు అలవాటు. వానిలో మన తాతముత్తాతల పల్లెలుండెను. వారి గుడిసెలు, వారి ఒంటిమీది గుడ్డ, వారు తిన్న తిండి, వారి పిల్లల తలలోని పేలు, అన్నియు సముద్రమునకు ఆవలనున్న దాతల కొరకు వర్ణింపబడియుండెను. ఆ వర్ణనలు చదివి ఎవరో విధవరాండ్రు, సండే స్కూలు పిల్లలు నాణెములు కూర్చి పంపిరి. ఆ నాణెములతో మన బడులు, ఆసుపత్రులు లేచెను. నేనును అట్టి బడిలో చదివినవాడనే. ఆ మేలును మరువను. అయినను ఆ పుటలు త్రిప్పుచుండగా నా ముఖము వేడెక్కెను. మా ముత్తవ్వ ఆ పుటలలో నుండెనో లేదో నాకు తెలియదు, గాని ఆమె వంటి స్త్రీలుండిరి. వారికి పేర్లు లేవు. వారు ఏమి పాడుకొనిరో, ఎంత తెలివితో కరవుకాలములు దాటిరో, దొరసానికి తెలుగు మాటలు నేర్పినది ఎవరో ఆ నివేదికలలో బహు అరుదు. మరియు కొందరు మిషనరీలు మన భాషను మనకంటె శ్రద్ధగా నేర్చి, మనవారి పేర్లు పెట్టి గౌరవముగా వ్రాసినవారును ఉండిరని ఒప్పుకొనవలెను. వారి పుటలయొద్ద నేను ఎక్కువసేపు నిలిచితిని.

కనుక సొమ్ముతో పంపబడిన విద్యార్థి ఇంటికి వ్రాయు ఉత్తరము, ఇప్పటి కాలములో ఫోనులో పంపు పటము, తిరిగివచ్చి చేయు ప్రసంగము, ఇవన్నియు అతని లెక్కపుస్తకములోనివే. శాంతిదళమును స్థిరపరచిన 1961 నాటి చట్టములో కూడ ఇది యున్నది. తర్ఫీదు పొందినవారి పనిచేత సహాయపడుట మొదటి ఉద్దేశము. అమెరికావారిని ఇతరులు బాగుగా ఎరుగునట్లు చేయుట రెండవది. ఇతర ప్రజలను అమెరికావారు బాగుగా ఎరుగునట్లు చేయుట మూడవది. ఆ మూడవది మన నోటితో చేయు పని. అది చెడిపోయినయెడల మొదటిది ఎంత చక్కగా జరిగినను చేదు మిగులును.

ఇటీవలి సంగతి ఒకటి చెప్పుదును. 2007లో కాథరిన్ వాసర్మన్ డేవిస్ అను అమెరికా వృద్ధస్త్రీ తన నూరవ జన్మదినమునకు 10 లక్షల డాలర్లు ఇచ్చి, విద్యార్థులు ఆలోచించిన 100 శాంతికార్యములకు ఒక్కొక్కదానికి 10,000 డాలర్ల చొప్పున పంచునట్లు చేసెను. ఆ యేర్పాటు తరువాత కూడ కొనసాగినది. ఆమె 2013లో 106 ఏండ్ల వయస్సున మరణించెను. విద్యార్థి తన పనిని ముందుగా వ్రాసి చూపవలెను. వేసవిలో దానిని జరిగించి, జరిగినది వివరించి, ఖర్చుల లెక్క ఒప్పగింపవలెను. 10,000 డాలర్లు మన పల్లెలో ఎంత పెద్ద మొత్తమో మీకు చెప్పనక్కరలేదు. ఇరువది ఏండ్ల పిల్లవాని చేతిలో అంత సొమ్ము పెట్టుట గొప్ప నమ్మకము. లెక్క అడుగుట ఆ నమ్మకమును కాపాడుట కొరకే గాని అవిశ్వాసము వలన కాదు. కొరింథులో పౌలు చేసినదియు అదే.

అయితే ఇచ్చినవారికి రూపాయి అణాలతో సరిపోయిన లెక్క, ఊరివారి దగ్గర సరిపోకపోవచ్చును. నేను పరిచర్య చేసిన ఒక పల్లెలో పరదేశపు విద్యార్థులు కొందరు ఒక వేసవిలో వరుసగా మరుగుదొడ్లు కట్టించిరి. మంచి పిల్లలు, ఎండకు తాళలేకున్నను పని మానలేదు. వారి లెక్కలలో ఒక్క పైసయు తప్పిపోయియుండదని నేను నమ్ముచున్నాను. అయితే నీళ్లు తెచ్చుకొను చోటికి ఆ దొడ్లు ఎంత దూరమో ఏ స్త్రీని అడిగినట్లు లేదు. అడిగియుండినయెడల కాలువగట్టు ప్రక్కన కట్టుడని ఆడవారు చెప్పియుందురు. మరుసటి సంవత్సరము వానిలో పిడకలు, ఎండు కంప పేర్చియుండుట చూచితిని. ఒకదానిలో కోడి పొదిగినది. ఆ పిల్లల దేశములో వారి పటములు ఇంకను ఏదో గోడకు వ్రేలాడుచున్నవేమో. ఊరివారు వారిమీద కోపగించుకొనలేదు. పాపము, ఎండలో కష్టపడిరి అనుకొనిరి. ఆ జాలిమాట వినుటకంటె తిట్టు వినుట మేలనిపించినది నాకు.

రాబిన్సనుగారు 1972లో నిద్రించిరి. తిరిగివచ్చిన విద్యార్థిని సంఘము యెదుట నిలిపి మాట్లాడించు ఆయన పద్ధతిని మన ఆలయములలో కూడ పెట్టుకొనవచ్చును. ఇప్పుడు మన పిల్లలు కొందరు చదువుల నిమిత్తము అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు పోయి, అక్కడి కళాశాలల తరపున ఇంకొక దేశపు పల్లెలో పనిచేసివచ్చుచున్నారు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఆదివారము ఆరాధన తరువాత పాదిరిగారు వారిని లేపి రెండుమాటలు చెప్పమందురు. ఆ పిల్ల తండ్రి ముందు వరుసలో మురిసిపోవుచుండును. చప్పట్లు కొట్టుట తప్పుకాదు. అయితే పెద్దలలో ఒకరు, అమ్మా, ఆ ఊరిలో నీతో కూడ ఇటుకలు మోసినవారి పేర్లేమి అని అడుగుడి. ఆ పని అక్కడనే చేయవలెనని కోరినది ఎవరు అని అడుగుడి. బోరింగు చెడినయెడల బాగుచేయువాడు ఆ ఊరిలో ఉన్నాడా, అతనికి మరలు ఎక్కడ దొరకును అని అడుగుడి. నీవు ఇప్పుడు చెప్పిన మాటలను ఆ ఊరివారు మన వెనుక చాపమీద కూర్చుండి వినుచున్నారనుకొనుము, అప్పుడు ఏ మాట మార్చుదువు అని కూడ అడుగుడి. పటములు తరువాత చూడవచ్చును.